రెండూ టైటేనియం నైట్రైడ్ పూతలే, మరి పనితనంలో ఇంత తేడా ఎందుకు?

జీడిమెట్ల ట్యాపింగ్:
రంధ్రాల్లో మరలు కోసే ఒకే సైజు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ట్యాపులకు రెండు చోట్ల కోటింగ్ వేయించాం. రెండూ బంగారు రంగే, రెండు కాగితాల మీదా 3 మైక్రాన్లనే ఉంది. ఒకటి స్టెయిన్‌లెస్‌లో నున్నగా దిగుతోంది. రెండోదానికి పళ్ల సందుల్లో లోహం అతుక్కుని పట్టేస్తోంది. మా సూపర్‌వైజర్ గారు స్టీలులోనే తేడా ఉందంటున్నారు.

పూతల పని:
నన్నడిగితే తేడా పూసిన పద్ధతిలోనే ఉంది. రెండోది ఆర్క్ (విద్యుత్ మెరుపు) పద్ధతిలో పూసిందేమో కనుక్కోండి. టైటేనియం దిమ్మ మీద ఆర్క్ తగిలిన చోటల్లా లోహం ఆవిరవుతుంది. ఆ ఆవిరితో పాటు కరిగిన తుంపర్లూ ఎగిరొచ్చి పూతలో ఇరుక్కుంటాయి. ట్యాపుకి ఆ గరుకే శత్రువు. స్పటరింగ్ అనే ఇంకో పద్ధతిలో ఆర్గాన్ అయాన్లు దిమ్మను కొట్టి పరమాణువులను రాలగొడతాయి, అందుకే పూత నున్నగా వస్తుంది.

హాబ్ కట్టర్:
నున్నదనం ఒక్కటే చూస్తే ఎలాగండీ? ఆర్క్ ఆవిరిలో ఎక్కువ భాగం అయాన్లే. పనిముట్టుకి నెగెటివ్ వోల్టేజీ ఇస్తే అవి వేగంగా వచ్చి తగులుతాయి, పూత చిక్కగా, గట్టిగా పట్టుకుంటుంది. మామూలు స్పటరింగ్‌లో అయాన్లు తక్కువ. వోల్టేజీ చాలకపోతే పూత సన్నటి స్తంభాల్లా పెరిగి మధ్యలో సందులు మిగులుతాయి, గట్టిదనం పడిపోతుంది. గేర్లు కోసే హాబ్‌కి నేనైతే ఆర్క్ పూతే వేయిస్తాను, తర్వాత పాలిష్ చేయిస్తాను.

మీ సూపర్‌వైజర్ గారి మాటనీ కొట్టిపారేయకండి. హెచ్‌ఎస్‌ఎస్‌ని గట్టిపరిచాక మళ్లీ వేడిచేసి టెంపర్ చేసేది 550 డిగ్రీల దగ్గర. పూసేటప్పుడు వేడి అది దాటితే లోపలి స్టీలు మెత్తబడుతుంది. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మీద ఒకసారి చూడండి.

జీడిమెట్ల ట్యాపింగ్:
మరి సీవీడీ (వాయువుల రసాయన చర్యతో వేసే పూత) చేయిస్తే?

హాబ్ కట్టర్:
హెచ్‌ఎస్‌ఎస్‌కి వద్దు తమ్ముడూ. టైటేనియం క్లోరైడ్ వాయువుతో చేసే మామూలు సీవీడీకి 1000 డిగ్రీల దాకా వేడి కావాలి. అది కార్బైడ్ ఇన్సర్టులకు (కోత బిళ్లలకు). అక్కడా చల్లారేటప్పుడు పూత కార్బైడ్ కంటే ఎక్కువ ముడుచుకుని బీటలిస్తుంది.

కొత్త ఇంజినీర్:
అయినా పదార్థానిదే పెద్ద పాత్ర అనుకుంటాను. టైటేనియం నైట్రైడ్ 550 డిగ్రీల ప్రాంతంలోనే ఆక్సీకరణ మొదలెడుతుంది. అల్యూమినియం కలిపితే 800 దాకా ఆగుతుంది.

పూతల పని:
నిజమే. కానీ ఎంత కలపగలం? పీవీడీలో, అంటే ఆర్క్, స్పటరింగ్ లాంటి పద్ధతుల్లో, లోహాల వాటాలో అల్యూమినియం సుమారు 65 శాతం దాటితే గట్టి ఘనాకార స్ఫటికం నిలవదు, మెత్తని షట్కోణ రూపం వచ్చేస్తుంది. అదే తక్కువ పీడనంలో, క్లోరైడ్లు, అమోనియాలతో చేసే సీవీడీలో 80 శాతం దాటినా ఘనాకారం నిలబడుతోంది. పేరు మారకుండానే పదార్థం మారింది చూడండి!

జీడిమెట్ల ట్యాపింగ్:
రాక్‌వెల్‌లో రెండూ సమానంగానే వచ్చాయి. మైక్రోస్కోపు కింద రెండోదాని పళ్ల పక్కల నిండా గుండ్రటి బొడిపెలు! రేపు ఒకదాన్ని పాలిష్ చేసి, అదే స్టెయిన్‌లెస్ ప్లేటులో దింపి చూస్తాను.