ఇన్సోమ్నియాక్ లీక్ అప్పుడు మీ గ్రూపుల్లో ఏం జరిగింది? చూసింది చూసినట్టు రాయండి

కొండాపూర్_కంట్రోలర్:
ఇన్సోమ్నియాక్ స్టూడియో వాళ్ళ వుల్వరిన్ గేమ్ మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు "అది 2023లోనే చూసేశాం కదా" అంటున్నారు. విన్న ప్రతిసారీ మనసు పాడవుతోంది, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక అవుట్‌సోర్సింగ్ స్టూడియోలో 3డీ ఆర్టిస్టుని. బయటి దేశాల గేములకు తలుపులు, బల్లలు, వీధి దీపాలు, చెత్తబుట్టలు, అలాంటివి చేసి పంపుతాం. 2023 డిసెంబర్ 19 పొద్దున మా తెలుగు గేమర్ల టెలిగ్రామ్ గ్రూపు తెరిచేసరికి వందల్లో మెసేజ్‌లు ఉన్నాయి. కాలిఫోర్నియాలో బర్బ్యాంక్‌లో ఉండే ఇన్సోమ్నియాక్ గేమ్స్ (సోనీ 2019లో 22.9 కోట్ల డాలర్లకు కొన్నది) ఫైళ్ళన్నీ రైసిడా అనే హ్యాకర్ల ముఠా బయట పెట్టేసింది. వారం ముందు, 12వ తేదీన, వేలం పెడుతున్నామని చెప్పి 50 బిట్‌కాయిన్లు అడిగారు, అప్పటి లెక్కలో 20 లక్షల డాలర్ల పైచిలుకు. అది రాకపోయేసరికి 1.67 టెరాబైట్లు, 13 లక్షలకు పైగా ఫైళ్ళు ఇంటర్నెట్ మీద పడేశారు. ఇంకా తయారుకాని వుల్వరిన్ గేమ్ కూడా అందులో ఉంది.

మా గ్రూపులో రెండు జట్లు ఎప్పుడూ ఉండేవే. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ అభిమానులు ఇన్సోమ్నియాక్ చేసిన స్పైడర్‌మ్యాన్ 2 బడ్జెట్ సుమారు 30 కోట్ల డాలర్లు అని చూపించి "మీ సోనీ పని అయిపోయింది" అని పోస్టర్లు చేశారు. సోనీ ప్లేస్టేషన్ అభిమానులు ఆ స్టూడియో రాబోయే పదేళ్ళ గేముల జాబితా పట్టుకుని పండగ చేసుకున్నారు. ఆ ఫోల్డర్ల పక్కనే ఉద్యోగుల పాస్‌పోర్ట్ స్కాన్లు, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారాలు, ఉద్యోగం నుంచి తీసేసిన వాళ్ళ కాగితాలు ఉన్నాయి. రోజంతా మా గ్రూపులో ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు, నేను కూడా ఎత్తలేదు. సాయంత్రం ఆఫీసులో మా లీడ్ "మన పాస్‌పోర్ట్ కాపీలు కూడా ఏ క్లయింట్ దగ్గరో ఉండే ఉంటాయి" అన్నప్పుడు గానీ నాకు తట్టలేదు. 22న ఇన్సోమ్నియాక్ ఇచ్చిన ప్రకటన చదివితే, ఉద్యోగులు, మాజీ ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు మీద పనిచేసిన వాళ్ళ వివరాలు కూడా పోయాయని ఉంది.

మీ మీ గ్రూపుల్లో ఏం జరిగిందో చెప్పండి. ఎవరినీ తప్పుపట్టడానికి అడగడం లేదు.

బెజవాడ_బటన్:
అన్నా, ఆ పోస్టర్లు చేసిన వాళ్ళలో నేను ఒకణ్ణి. మీ గ్రూపు కాదు, వేరే గ్రూపు. దాచుకోను.

ఎందుకలా చేశానో చెప్తాను. 2020 నవంబర్‌లో మా నాన్న సగం, నేను సగం వేసుకుని 34,990కి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొన్నాం. ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న గానీ రాలేదు, దాని ధర 49,990, అంత పెట్టే స్తోమత మాకు లేదు. ఇంట్లో ఒక్కటే కన్సోల్ ఉంటుంది, ఏడెనిమిదేళ్ళు దాంతోనే గడవాలి. ఎవరైనా దాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఇంట్లో మనిషిని అన్నట్టే ఉండేది. మూడేళ్ళు "మీకు గేములే లేవు" అనిపించుకున్నాం. 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టు కాగితాలు పొరపాటున బయటికి వచ్చినప్పుడు కూడా డిస్క్ లేని కొత్త ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఫోటో, నింటెండో కంపెనీని కొనాలన్న పాత ఈమెయిల్ పట్టుకుని అవతలి వాళ్ళు నెల రోజులు ఆడుకున్నారు. అందుకని డిసెంబర్‌లో ఇన్సోమ్నియాక్‌ది వచ్చేసరికి మా వంతు వచ్చిందనుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే రెండూ ఒకటి కావు. సెప్టెంబర్‌లో కోర్టు సైటులో పొరపాటున పెట్టినవి కంపెనీ ప్లాన్లు. డిసెంబర్‌లో దొంగలు ఎత్తుకెళ్ళిన వాటిలో మనుషుల ఇంటి అడ్రసులు ఉన్నాయి. ఇంకో మాట, ఎక్స్‌బాక్స్ వన్ మీద నాకు బాగా నచ్చిన సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్ (2014) చేసింది ఇదే ఇన్సోమ్నియాక్. ఆ టీమ్‌లో చేసిన వాళ్ళ కాగితాలు కూడా అందులో ఉండొచ్చు. అది తెలిశాక చేసిన పోస్టర్లు డిలీట్ చేశాను, కానీ అప్పటికే అవి చాలా గ్రూపులు తిరిగాయి.

ఇందూరు_నైట్స్:
నాది కొంచెం వేరే అభిప్రాయం. వుల్వరిన్ క్లిప్ నేను చూశాను, నా వల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో నాకు అర్థం కాదు. పాస్‌పోర్టులు నేను తెరవలేదు, తెరిచే ఉద్దేశం కూడా లేదు. పైగా ఒక గేముకి 30 కోట్ల డాలర్లు అవుతోందని, ఆ పాత్రల లైసెన్సు ఇచ్చిన మార్వెల్ కంపెనీకి ఎంత పోతోందని, ఉద్యోగుల్ని తగ్గించాలని లోపల ఎలా మాట్లాడుకున్నారని ఆ లీక్ వల్లే కదా బయటికి వచ్చింది. కంపెనీలు తమంతట తాము ఎప్పుడూ చెప్పవు. పెద్ద పత్రికలు కూడా రాశాయి. అవి రాస్తే తప్పు కాదు, మనం మాట్లాడుకుంటే తప్పా?

కొండాపూర్_కంట్రోలర్:
బ్రో, బడ్జెట్ గురించి మాట్లాడుకోవడం తప్పని నేను కూడా అనను. జీతాల మీద బతికే వాళ్ళకు అది తెలియాలి కూడా. నా బాధ క్లిప్పుల గురించి.

మా పని ఎలా ఉంటుందో చెప్తాను. ముందు బ్లాకవుట్ అంటాం, అంతా బూడిద రంగు డబ్బాలు. తలుపు ఎత్తు, మెట్ల వెడల్పు, హీరో ఎక్కడ దూకగలడు అని చూసుకోవడానికే అది. టెక్స్చర్లు ఉండవు, లైటింగ్ ఉండదు, యానిమేషన్ సగంలో ఆగిపోతుంది. వుల్వరిన్ అప్పటికి ఇంకా తొలి దశలోనే ఉందని వాళ్ళే చెప్పారు. ఆ దశలో ఉన్నదాన్ని ఎవరో పీసీలో నడిపించి వీడియో పెడితే, కింద "ఇదా మీ గొప్ప గేము" అని తిట్లు. 2022 సెప్టెంబర్‌లో జీటీఏ 6 అనే ఇంకో పెద్ద గేమువి 90 క్లిప్పులు బయటపడినప్పుడూ ఇదే జరిగింది, అప్పుడు వేరే స్టూడియోల వాళ్ళు తమ పాత గేముల సగం చెక్కిన వీడియోలు పెట్టి, ఏ గేమైనా మొదట ఇలాగే ఉంటుందని చూపించారు.

నేను చేసిన ఒక వీధి మూడు సార్లు తిరిగి వచ్చింది. మూడోసారికి గానీ బాగా కుదరలేదు. ఆ మొదటిది ప్రపంచమంతా చూసి నవ్వితే రెండోది చేయడానికి నాకు చేతులు ఆడేవి కావు. "నా వల్ల ఏం నష్టం" అన్నావు కాబట్టి చెప్తున్నాను, నిన్ను దెప్పడానికి కాదు.

నైట్‌షిఫ్ట్_సాక్:
నేను బెంగళూరులో సైబర్ సెక్యూరిటీ ఆపరేషన్స్‌లో చేస్తాను, రాత్రి డ్యూటీ. ఇందూరు గారు అడిగిన దానికి నా వైపు నుంచి కొంత చెప్తాను.

ఈ ముఠాల పని రెండు దెబ్బలు. ముందు చప్పుడు లేకుండా ఫైళ్ళు కాపీ చేసుకుంటారు, తర్వాత సిస్టమ్స్‌కి తాళం వేసి డబ్బు అడుగుతారు. బ్యాకప్ ఉంది కదా మేం ఇవ్వం అంటే, బయట పెడతాం అని బెదిరిస్తారు. ఇన్సోమ్నియాక్ తన ఉద్యోగులకు పంపిన లేఖల్లో నవంబర్ 25, 26 తేదీల్లో దొంగలు ప్రవేశించారని ఉంది. క్యాలెండర్ చూడండి, అవి అమెరికాలో థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే శనివారం, ఆదివారం. సెలవుల్లో ఆఫీసులో మనుషులు ఉండరు, అలర్టు వచ్చినా చూసేవాడు ఒక్కడే ఉంటాడు. మాకు కూడా దీపావళి, సంక్రాంతి రాత్రులే ఎక్కువ టెన్షన్. ఇదే రైసిడా అదే ఏడాది అక్టోబర్‌లో లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద పడింది, ఆన్‌లైన్ కేటలాగ్ నెలల తరబడి పనిచేయలేదు. గేమ్ స్టూడియో అయినా, గ్రంథాలయం అయినా వాళ్ళకు ఒకటే, ఏది అమ్ముడుపోతే అది.

అమ్ముడుపోని సరుకు బయట పడేశాక దాని విలువ పెంచేది మనలాంటి వాళ్ళ ఆత్రమే. ఎంతమంది దింపుకుంటే, ఎంత గోల అయితే, తర్వాతి స్టూడియోకి అంత భయం, అంత త్వరగా డబ్బు కట్టేస్తారు. "వుల్వరిన్ పీసీ బిల్డ్" అనే పేరుతో తిరిగే ఫైళ్ళ మీద నాకు అస్సలు నమ్మకం లేదు. దొంగ ముఠా పెట్టిన ఫైలుని ఎవరో మూడోవాడు మళ్ళీ ప్యాక్ చేసి ఇస్తే, అందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు? మా కజిన్ ఒకడు అలా ఒక గేము క్రాక్ దింపుకుని రెండు రోజుల్లో ఇన్‌స్టా, స్టీమ్ అకౌంట్లు రెండూ పోగొట్టుకున్నాడు.

సాగరతీరం_76:
విశాఖ నుంచి. నేను మీ అందరికంటే పెద్దవాణ్ణి, పీఎస్3 కాలం వాణ్ణి.

2011 ఏప్రిల్ 20న ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఆగిపోయింది. మొదటి రెండు మూడు రోజులు మెయింటెనెన్స్ అనుకున్నాం. వారం తర్వాత గానీ 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయని సోనీ చెప్పలేదు. 23 రోజులు నెట్‌వర్క్ లేదు. మా తమ్ముడి క్రెడిట్ కార్డు దానికి జోడించి ఉంది, బ్యాంకుకి వెళ్ళి కార్డు మార్పించుకుంటే గానీ వాడికి నిద్ర పట్టలేదు. ఆ రోజుల్లో నేను వెళ్ళే ఒక ఇంగ్లిష్ ఫోరమ్‌లో ఎక్స్‌బాక్స్ వాళ్ళు "మేం డబ్బు కట్టి ఆడతాం కాబట్టి మాకు ఇలా జరగదు" అని రోజూ రాసేవాళ్ళు. 2014 క్రిస్మస్ రోజు లిజర్డ్ స్క్వాడ్ అనే హ్యాకర్ల గుంపు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండు నెట్‌వర్క్‌లనూ ఒకేసారి పడగొట్టింది. ఆ రోజు కొత్త కన్సోల్ పెట్టె విప్పిన పిల్లలు, ఏ బొమ్మ ఉన్న పెట్టె అయితే ఏంటి, ఎర్రర్ కోడ్ చూస్తూ కూర్చున్నారు.

సన్నీవేల్_సరళ:
చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నేను గేమ్ కంపెనీలో లేను, కానీ ఇక్కడ అమెరికాలో టెస్టింగ్ (క్యూఏ) పనిలో పదకొండేళ్ళు చేశాను. ఇన్సోమ్నియాక్‌కి రెండేళ్ళ ముందు, నేను మానేసిన ఒక కంపెనీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. పేరు రాయను. "మీ వివరాలు బయటపడి ఉండొచ్చు, ఏడాది పాటు క్రెడిట్ మానిటరింగ్ ఉచితం" అని రెండు పేజీలు.

ఇక్కడ ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 అనే ఫారం నింపాలి. పుట్టినరోజు, అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరు, మాలాంటి వాళ్ళకైతే పాస్‌పోర్ట్, వీసా వివరాలు, అన్నీ ఒకే చోట. ఇన్సోమ్నియాక్ లీక్‌లో అవే ఫారాలు ఉన్నాయని చదివినప్పుడు ఆ ఉత్తరం వచ్చిన రోజు గుర్తొచ్చింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం తమ్ముడూ, పుట్టినరోజు ఎలా మార్చుకుంటాం? ఆ రాత్రే మా ఆయన, నేను కూర్చుని అప్పుల రికార్డు ఉంచే సంస్థలు ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింట్లో క్రెడిట్ ఫ్రీజ్ చేశాం, అంటే మా పేరు మీద ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా. 2018 నుంచి అది ఉచితం, అమెరికాలో ఉన్న ప్రతి ఒక్కరూ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా చేసుకోండి. అయినా ఆరు నెలల తర్వాత ఎవరో నా పేరు మీద ఫోన్ కనెక్షన్ తీసుకున్నారు. అది నేను కాదని నిరూపించడానికి పోలీసు రిపోర్టు, నోటరీ, నలభై సార్లు ఫోన్లు. ఆ టైములో గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది, దీని వల్ల ఏమైనా అడ్డం వస్తుందేమోనని రోజూ గుండె దడ.

ఇంకో విషయం ఎవరూ రాయలేదు. 2024 ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తీసేస్తున్నామని చెప్పింది, ఆ స్టూడియోల్లో ఇన్సోమ్నియాక్ కూడా ఉంది. కాగితాలు బజారున పడిన రెండు నెలలకే కొందరికి ఉద్యోగం కూడా పోయింది.

ఇందూరు_నైట్స్:
సరళక్కా, ఇది నాకు తెలియదు. క్లిప్ చూడటం గురించి నా మాట పూర్తిగా వెనక్కి తీసుకుంటానని చెప్పను, ఇంకా ఆలోచిస్తున్నాను. కానీ ఆ రోజు లింకు నేను మా కాలేజీ గ్రూపులో కూడా పెట్టాను. మొత్తం ఫోల్డర్ లింకు, ఒక్క క్లిప్ కాదు. అందులో ఎవరు ఏం తెరిచారో నాకు తెలియదు. అది ఇప్పటికీ ఆ గ్రూపులో ఉంటుంది, ఇప్పుడే వెళ్ళి తీసేస్తాను.

కొత్తగా_చేరాను:
అన్నా, అక్కా, ఒక సందేహం. నేను పోయిన నెల ఒక స్టూడియోలో ట్రైనీగా చేరాను. హెచ్ఆర్ వాళ్ళు ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ మూడూ వాట్సాప్‌లో పంపమంటే పంపేశాను. ఇప్పుడు ఇది చదివి భయంగా ఉంది. ఏమైనా చేయొచ్చా?

నైట్‌షిఫ్ట్_సాక్:
భయపడకు తమ్ముడూ, చేయగలిగినవి ఉన్నాయి. ఆధార్ సైటులో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టు, నీ వేలిముద్రలు ఎవరూ వాడకుండా. ఇక ముందు ఎవరడిగినా మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఏడాదికోసారి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా వస్తుంది, నీ పేరు మీద నువ్వు తీసుకోని లోను ఉందేమో చూసుకో. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. హెచ్ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టు: కాపీలు ఎక్కడ ఉంచారు, ఎవరు చూడగలరు, నేను మానేస్తే ఎన్నాళ్ళకు తీసేస్తారు అని. వాళ్ళ ఫోన్‌లోంచి ఆ ఫోటోలు తీసేయమని కూడా అడుగు.

సన్నీవేల్_సరళ:
పాస్‌పోర్ట్ ఎందుకు కావాలో కూడా అడుగు నాన్నా. విదేశీ ప్రయాణం లేని ట్రైనీకి పాన్, ఆధార్ సరిపోవచ్చు. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

కొత్తగా_చేరాను:
థాంక్స్ అక్కా. రేపు పొద్దున్నే మెయిల్ పెడతాను. ఏం జవాబు వచ్చిందో ఇక్కడే రాస్తాను.