రాయలసీమ విందు అని పిలిచి జావ పెడితే అడగకూడదా?

సీమబిడ్డ: శనివారం హైదరాబాద్‌లో ఒక హోటల్లో 'రాయలసీమ విందు' ఉందంటే, ఊరి నుంచి వచ్చిన మా నాయనను తీసుకెళ్లాను. మనిషికి 1,100 రూపాయలు. సంగటి గరిటెజారుగా ఉంది, ముద్ద పట్టలేదు. నాటుకోడి పులుసులో ముక్క వేలు తగిలితేనే విడిపోయింది, బ్రాయిలరే. రోట్లో గట్టిగా నూరే పల్లీల పచ్చడి ఊరిబిండి అడిగితే, ఇడ్లీలోకి చేసే పల్లీ చట్నీ తెచ్చారు. ఇది మోసం కాదా?

కృష్ణాతీరం: వేడి మీద సంగటి కాస్త జారుగానే ఉంటుంది కదండీ. ఇంతోటిదానికి మోసమా?

సీమబిడ్డ: ఉండదండీ. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కలపకుండా మూతపెట్టి మగ్గనివ్వాలి. తర్వాత ఉండ కట్టకుండా తెడ్డుతో కెలకాలి. మా అమ్మకు భుజాలు లాగేసేవి. తడిచేత్తో ముద్ద చేస్తే నిలబడాలి.

అనంతపురం అమ్మాయి: మేం నెయ్యి కూడా వేసుకుంటాం. అయితే మేం సీమవాళ్లం కాదా?

సీమబిడ్డ: నెయ్యి మాట నేనెక్కడ ఎత్తాను?

కృష్ణాతీరం: అంతమందికి నాటుకోళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? మాకు క్యాటరింగ్ ఉండేది. ఒక పెళ్లిలో చేపల పులుసులో ఉప్పు తగ్గిందని సగం డబ్బు ఎగ్గొట్టారు. మీలాంటివాళ్ల వల్లే వంటవాళ్లు మునిగిపోయేది.

సీమబిడ్డ: నేను బిల్లంతా కట్టే వచ్చాను. నాటుకోడి దొరక్కపోతే కోడికూర అని రాయండి, తింటాం.

భోజనప్రియ: ఉగ్గాని, బజ్జి పెట్టారా? రేపు వెళ్దామనుకుంటున్నా.

కృష్ణాతీరం: అయినా అక్కడికి వెళ్లేది సంగటి కోసమా? మేమూ వెళ్లాం. గోడలకు వేటకొడవళ్లు, మీసాలు మెలేసిన సర్వర్లు. పిల్లలు ఎంత ఎంజాయ్ చేశారో!

సీమబిడ్డ: నా బాధ అదే, ఇందాకటి నుంచి నోరు రాలేదు. మెనూలో వేపుడు పేరు 'ఫ్యాక్షన్ చికెన్'. నాయన అది చదివి కార్డు మూసి పక్కన పెట్టాడు. మా పెద్దనాయనను ఆ గొడవల్లోనే నరికారు. నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన మా జిల్లాలను దత్తమండలాలు అనేవాళ్లు. అలా అనిపించుకోవడం ఇష్టంలేక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు మీద కొడవళ్లు తగిలించి అమ్ముతారా?

అనంతపురం అమ్మాయి: అన్నా, ఇది మొదటే చెప్పాల్సింది. హాస్టల్లో నన్ను 'బాంబులు తెచ్చావా' అని అడిగేవాళ్లు.

కృష్ణాతీరం: మీ పెద్దనాన్నగారి సంగతి నాకు తెలియదు, క్షమించండి. కానీ పేరు పెట్టింది ఓనరు. వంటవాణ్ణి ఎందుకు అంటారు? పులుసు మాకు బాగానే ఉంది.

సీమబిడ్డ: మేనేజర్‌నే అడిగాను. "జనానికి అదే నచ్చుతుంది సార్" అన్నాడు. నాయన ఇంత మజ్జిగ తాగి లేచాడు.