సైకో సినిమా: హత్య సంగతి సరే, ఆ 40 వేల డాలర్ల మాటేంటి?

ఉక్కునగరం అమ్మాయి:
మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో అక్కావాళ్లింట్లో 1960 నాటి ఇంగ్లిష్ సినిమా సైకో మళ్లీ చూశాం. అందరూ బాత్రూంలో హత్య సీను గురించే చెబుతారు గానీ నన్ను పట్టేసింది మొదటి అరగంట. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో పనిచేసే హీరోయిన్ మారియన్ చేతిలో 40 వేల డాలర్లు పెట్టి బ్యాంకులో వేసి రమ్మంటారు. కూతురికి పెళ్లి కానుకగా ఇల్లు కొంటున్న ఒక డబ్బున్నాయన సొమ్మది, అది లెక్కల్లో చూపించనని గొప్పగా చెప్పుకుంటాడు కూడా. మారియన్ పెళ్లేమో ఆమె ప్రేమించిన సామ్ వాళ్ల నాన్న చేసిన అప్పుల దగ్గర, సామ్ మాజీ భార్యకి కట్టే భరణం దగ్గర ఆగిపోయింది. దాంతో ఆ డబ్బు తీసుకుని కారులో పారిపోతుంది. నేను ఎనిమిదేళ్లు ఒక బంగారం షాపులో క్యాష్ కౌంటర్ చూశాను, రాత్రి లెక్క కట్టేటప్పుడు నా ఏడాది జీతం నా రెండు చేతుల్లో ఉండేది. తీయాలని ఎప్పుడూ అనిపించలేదు. కానీ డబ్బు కుదరక మా చెల్లి పెళ్లి వాయిదా పడిన నెలలో, ఒక పెళ్లివారు బేరమైనా ఆడకుండా నోట్ల కట్టలు పెట్టి వెళ్లిన రోజు బస్సులో కూర్చుని ఏడ్చాను. ఇలాంటి ఉద్యోగాలు చేసినవాళ్లకి ఆ సీన్లు ఎలా అనిపించాయి?

మధురవాడ కుర్రాడు:
నాకు మారియన్ దారిలో రాత్రికి ఆగిన మోటెల్, అదే రోడ్డు పక్క లాడ్జి, దగ్గర గుండె పట్టేసిందండి. 12 గదులు, 12 ఖాళీ, ఎందుకంటే హైవేని పక్కకి జరిపేశారు. మా నాన్న లారీలు ఆగే భోజనం హోటల్ నడిపేవారు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి బైపాస్ పడ్డాక లారీలన్నీ అటే. ఊళ్లోకి లారీలు రాకపోవడం మంచిదే, రోడ్డు వద్దని నేను అనను. కానీ పాతిక కిలోల బియ్యం వండే చోట ఐదు కిలోలు కూడా మిగిలిపోతుంటే, ఆయన మాత్రం సాయంత్రం అయ్యేసరికి బోర్డు లైటు వేసేవారు. ఎవరూ రాకపోయినా లైట్లు వేస్తూనే ఉంటామని ఆ మోటెల్ నడిపే నార్మన్ అన్నప్పుడు వాడి మీద భయం కంటే ముందు జాలేసింది.

పాత సినిమాల పిచ్చి:
మీరిద్దరూ లేనిది తెచ్చి పెడుతున్నారేమో. డబ్బే ముఖ్యమైతే మారియన్ హత్య అయ్యాక దాన్ని పేపర్లో చుట్టినట్టే కారుతో పాటు బురదలో ముంచేస్తాడా డైరెక్టరు?

ఉక్కునగరం అమ్మాయి:
ముంచాడు కాబట్టే అడుగుతున్నానండి. మారియన్ కనబడకుండా పోతే ఆమె ఆఫీసు ఓనరు పోలీసుల దగ్గరికి వెళ్లలేదు, డబ్బు తిరిగొస్తే చాలని డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడు. చనిపోయే ముందు ఆమె డబ్బు తిరిగిచ్చేద్దామనే నిర్ణయించుకుంది, కారు మార్చడానికి పోయిన 700 డాలర్లు తీసేసి లెక్క వేసుకుంది, ఆ కాగితం చింపేసింది. ఆ సంగతి చివరికి వాళ్లెవరికీ తెలీదు.

వాల్తేరు అప్‌లాండ్స్:
నాకు ఈ సినిమా మీద కోపం కూడా ఉంది. మా మేనత్తని ఏడేళ్లు చినవాల్తేరు మెంటల్ ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చాం, ఆవిడ చీమకి కూడా హాని చెయ్యలేదు, అయినా పక్కింటివాళ్లు పిల్లల్ని మా గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. మతి బాగోలేని మీ అమ్మని ఎక్కడైనా ఆసుపత్రిలో చేర్పించొచ్చుగా అని మారియన్ అనగానే నార్మన్ మండిపడతాడు చూడండి, అక్కడ మనుషులు ఎలా చూస్తారో చెబుతాడు, ఆ మాటలు అక్షరాలా నిజం. అంత తెలిసిన సినిమా మళ్లీ జబ్బునే, అంటే నార్మన్‌నే, హంతకుణ్ణి చేసింది. సైకో అన్న పేరు మన భాషలో తిట్టయిపోయింది, ఎన్నికల సభల్లో కూడా అదే మాటతో తిట్టుకున్నారు. ఇంకోటి, నార్మన్ తల్లి గయ్యాళి అని మానసిక వైద్యుడు చివర్లో తేల్చేస్తాడు. ఆ తల్లి గురించి మనకి చెప్పింది ఎవరు? ఆమెని చంపిన కొడుకే కదా.

పాత సినిమాల పిచ్చి:
ఈ తల్లి మాట నాకు ఎప్పుడూ తట్టలేదండి, ఇన్నిసార్లు చూశాను. మీ మేనత్తగారు ఇప్పుడెలా ఉన్నారు?

వాల్తేరు అప్‌లాండ్స్:
బావున్నారండి, మందులు వేసుకుంటున్నారు. పొద్దున్నే ఒక్కరే రైతుబజారుకి వెళ్లి కూరలు తెస్తున్నారు.