అప్‌డేట్: గన్నవరం ఎయిర్‌పోర్ట్ దగ్గర డ్రోన్ సంగతి

కేసరపల్లిలో మా బాబాయి వాళ్ల గృహప్రవేశానికి 250 గ్రాముల లోపు (నానో) డ్రోన్ ఎగరేయొచ్చా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. ఎగరేయలేదు.

డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిస్తే ఇల్లున్న చోటంతా ఎర్రగానే ఉంది. రెడ్ జోన్ అంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. డాబా మీద పది నిమిషాల వీడియోకి అంత తతంగం ఎవరు పడతారు!

"నానో డ్రోన్‌కి రూల్స్ ఉండవు" అన్నారు కొందరు. 2021 డ్రోన్ రూల్స్‌లో నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అంతవరకే. జోన్లు మాత్రం అన్నిటికీ వర్తిస్తాయి. ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాకా గ్రీన్, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేదు. అంతకంటే ఎత్తుకి వెళ్తే ఎల్లో, ఏటీసీ (విమాన రాకపోకల్ని నియంత్రించే విభాగం) అనుమతి తీసుకోవాలి. 12 కిలోమీటర్లు దాటాక, వేరే ఆంక్షలు లేకపోతే, 400 అడుగుల దాకా గ్రీన్.

బాబాయి కాస్త అలిగారు. ఫొటోగ్రాఫర్ ఎదురింటి డాబా ఎక్కి తీశాడు, బాగానే వచ్చింది. డ్రోన్‌ని నూజివీడు వైపు మామిడి తోటలో ఎగరేశాం. కాకులు ఒకటే గోల!

అక్కడికి బయల్దేరే ముందు మ్యాప్ మళ్లీ చూశాను. పోలీసులు ఎక్కడైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ పెట్టొచ్చట, వీఐపీ పర్యటనలుంటే మరీ చూసుకోండి.