అప్‌డేట్: ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక బూట్ అవ్వని పీసీ మళ్లీ లేచింది

మొన్న అడిగాను కదా, డీడీఆర్5 ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) 6000 పెట్టి సేవ్ చేయగానే స్క్రీన్ రావడం ఆగిపోయిందని, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయని. సమస్య తీరింది.

మీరు చెప్పినట్టే ముందు సీమాస్ క్లియర్ చేశాను, అంటే బోర్డులో సేవ్ అయిన సెట్టింగులు చెరిపేశాను. ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగాను. తిరిగి పెట్టి పవర్ నొక్కితే ‘డీర్యామ్’ అని రాసి ఉన్న చోట పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ఇదివరకు ఇక్కడే కంగారుపడి ఆఫ్ చేసేవాణ్ణి. అదే తప్పు. డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్‌కి (ర్యామ్‌కి సరిపడే టైమింగ్‌లు పీసీ వెతుక్కోవడానికి) కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో కట్టేస్తే మళ్లీ మొదటికే. ఈసారి చెయ్యి పెట్టకుండా కూర్చున్నాను. ఆ నాలుగు నిమిషాల టెన్షన్ మాటల్లో చెప్పలేను! లైటు ఆరింది, బయోస్ (బోర్డు సెట్టింగుల స్క్రీన్) కనిపించింది.

అసలు కారణం నాలుగు ర్యామ్ స్టిక్కులు. రెండేసి స్టిక్కులున్న రెండు కిట్లు విడివిడిగా కొన్నాను. నాలుగూ ఉంటే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం బాగా పెరుగుతుంది. 5200కి దించితే బూట్ అయింది గానీ ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86లో ఎర్రర్లు వచ్చాయి. బూట్ అవ్వకపోవడం కన్నా ఇదే ప్రమాదం, ఫైళ్లు చెప్పాపెట్టకుండా పాడవుతాయి.

ఒక కిట్ తీసేసి, రెండోదాన్ని ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాను. 6000 ఒక్కసారికే తీసుకుంది. రాత్రంతా టెస్ట్ నడిపాను, ఒక్క ఎర్రర్ లేదు. ఓపిగ్గా చెప్పిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.