పార్వతీశాన్ని బొమ్మల కథగా వేస్తున్నా, టోపీ దగ్గర ఇరుక్కున్నా

బొమ్మలపిచ్చి:
మా పాపకి 12 ఏళ్ళు. బెంగళూరులో పుట్టి పెరిగింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ పేజీ చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకని మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగాన్ని నేనే కామిక్‌గా వేస్తున్నాను. మొగల్తూరు దాటించేసరికే 11 పేజీలయ్యాయి. ఇప్పుడు టోపీ దగ్గర ఆగిపోయింది బండి. పుస్తకంలో ఆయన టోపీ కొనుక్కుని మహా దర్జాగా పెట్టుకుంటాడు, అది ఆడవాళ్ళదని పాపం ఆయనకి తెలియదు. నేను గీత గీయగానే చూసేవాళ్ళకి తెలిసిపోతుంది కదా! అసలు ఇలాంటివి బొమ్మల్లోకి తేవడమే తప్పంటారా?

గోదారిగట్టు:
తప్పే అంటాను, ఏమనుకోకండి. ఆ నవలకి ప్రాణం కథ కాదు, పార్వతీశం తన గొడవ తానే చెప్పుకునే తీరు. 1940లోనే సినిమా తీశారు, ఇప్పుడెవరు తలుచుకుంటున్నారు? పుస్తకం మాత్రం మా ఇంట్లో మూడో కాపీ నడుస్తోంది. (రెండోది మా బావమరిది పట్టుకెళ్ళాడు, అంతే సంగతులు.) రోజుకి రెండు పేజీలు మీరే చదివి వినిపించండి.

పాతపుస్తకాలు:
గట్టుగారూ, నేను బొమ్మల దారినే పుస్తకాల్లోకి వచ్చినవాణ్ణి. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత 'క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్' దొరికాయి నాకు, పేరున్న నవలల్ని కామిక్‌లుగా వేసిన పుస్తకాలు. 1941లో అమెరికాలో మొదలైన సిరీస్. అసలు పుస్తకం కూడా చదవమని చివర్లో వాళ్ళే అచ్చేసేవారు. 'మోబీ డిక్' అలాగే పట్టుకున్నా. నవల్లో తిమింగలాల రకాల మీదే ఓ అధ్యాయం ఉంటుంది, అక్కడ కునుకు పట్టింది. అయినా వదల్లేదు, అందులో ఓడ కెప్టెన్ ఏహబ్ మొహం అప్పటికే కళ్ళలో ఉంది గనక.

టోపీ సంగతికొస్తే, ఆ పేజీలో పార్వతీశాన్నే చూపించకండి. ఆయన కళ్ళలోంచి వేయండి. ఎదురొచ్చేవాళ్ళ నవ్వు మొహాలు, వేలెత్తి చూపించే కుర్రాడు, గడి పైన టోపీ అంచు ఓ వేలెడు. కింద ఆయన మాటలు ఉన్నవున్నట్టు.

గోదారిగట్టు:
ఇది బాగుందండోయ్. కాకపోతే అచ్చు వేయించే ఆలోచన ఉంటే వారసుల్ని అడగండి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు పోయింది 1973లో, కాపీరైటు ఆ తర్వాత 60 ఏళ్ళు.

బొమ్మలపిచ్చి:
అచ్చూ లేదు ఏమీ లేదు, మా పాప కోసమే. రాత్రి కూర్చుని మళ్ళీ వేశాను, ఆరు గళ్ళూ నవ్వే మొహాలే. పొద్దున్న చూసి "అందరూ ఎందుకు నవ్వుతున్నారు నాన్నా, తర్వాతి పేజీ ఏదీ?" అని నిలదీసింది. ఇంకా వేయలేదమ్మా అని పుస్తకం చేతిలో పెట్టాను. మూతి ముడుచుకునే పట్టుకెళ్ళింది.