2000లో చైనాకు తలుపులు బార్లా తీసింది క్లింటన్. తప్పు ఆయనదేనా?

పాత పేపరు:
అమెరికా అధ్యక్షులు, చైనా అనగానే అందరూ 1972లో నిక్సన్ బీజింగ్ వెళ్లి మావోతో చెయ్యి కలపడం దగ్గర మొదలుపెట్టి ఒక్క గెంతులో 2018 ట్రంప్ టారిఫ్‌ల దగ్గర తేలతారు. నడుమ జరిగింది ఎవరికీ పట్టదు. నన్నడిగితే అసలు మలుపు 1994 మే 26. అంతకుముందు 1992 ఎన్నికల్లో క్లింటన్, బాగ్దాద్ నుంచి బీజింగ్ దాకా నియంతలందర్నీ సీనియర్ బుష్ నెత్తిన పెట్టుకుంటున్నాడని ఊరూరా ఏకిపారేశాడు. గెలిచాక 1993లో, మానవ హక్కులు మెరుగుపడితేనే చైనాకు వాణిజ్య హోదా (మిగతా దేశాలతో సమానంగా తక్కువ సుంకాలు) కొనసాగిస్తామని ఉత్తర్వు కూడా ఇచ్చాడు. చైనా ఒక్క మెట్టు దిగలేదు, ఇక్కడేమో బోయింగ్ లాంటి పెద్ద కంపెనీలన్నీ మార్కెట్ పోతుందని గోల పెట్టాయి, ఏడాది తిరిగేసరికి ఆయనే ఆ షరతు ఎత్తేశాడు. వీళ్ల బెదిరింపులకు భయపడక్కర్లేదని బీజింగ్‌కి ఆ రోజే అర్థమైపోయింది. తర్వాత 2000లో శాశ్వత హోదా, 2001 డిసెంబర్ 11న డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) సభ్యత్వం. ఆ పదేళ్లలో అమెరికా ఫ్యాక్టరీ ఉద్యోగాలు దాదాపు 1.7 కోట్ల నుంచి 1.15 కోట్లకు పడిపోయాయి. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
పేపరు గారూ, మీరు పెద్ద అంకె ఒకటి చూపించి మొత్తం చైనా ఖాతాలో రాసేశారు. ఆటర్, డార్న్, హాన్సన్ అనే ఆర్థికవేత్తలు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు వేసిన లెక్క ప్రకారం 1999-2011 మధ్య చైనా దిగుమతుల వల్ల పోయిన ఫ్యాక్టరీ ఉద్యోగాలు సుమారు 10 లక్షలు, చుట్టూ ఆధారపడినవన్నీ కలిపితే 20 నుంచి 24 లక్షలు. చిన్న సంఖ్య అనట్లేదు. మిగతాదానికి యంత్రాలు, 2008 మాంద్యం లేవా?
ఇంకోటి, 2000 చట్టంతో అమెరికా సుంకాలు తగ్గాయని చాలామంది అనుకుంటారు. తగ్గలేదు. ఆ తక్కువ సుంకాలు కార్టర్ హయాంలో, 1980 నుంచే ఉన్నాయి, కాకపోతే ఏటా పొడిగించాలి. పొడిగించకపోతే సగటున 4 శాతం దగ్గర ఉన్న సుంకం ఒక్కసారిగా 30 దాటేది. ఆ టెన్షన్ పోయింది కాబట్టే కంపెనీలు ధైర్యంగా అక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి.

పాత పేపరు:
మాస్టారూ, మీరు చెప్పింది నా వాదనే కదా! ఆ టెన్షన్ అమెరికా చేతిలో ఉన్న ఒకే ఒక్క కళ్లెం, దాన్ని క్లింటన్ ఊరికే వదిలేశాడు.

నార్త్ కరోలినా నాని:
ఊరికే కాదు. ఒప్పందంలో ఒక రక్షణ నిబంధన రాయించుకున్నారు: చైనా సరుకు ఒక్కసారిగా వెల్లువెత్తితే 2013 దాకా అధ్యక్షుడు ప్రత్యేక సుంకం వేయొచ్చు. వాణిజ్య కమిషన్ వెయ్యమని సిఫారసు చేసిన ప్రతిసారీ జూనియర్ బుష్ వద్దన్నాడు. దాన్ని వాడింది ఒబామా ఒక్కడే, 2009 సెప్టెంబర్‌లో టైర్ల మీద 35 శాతం. మందు ఇచ్చింది క్లింటన్, మింగనిది బుష్, తిట్లు మాత్రం క్లింటన్‌కా?
అయినా సుంకంతోనే పని జరుగుతుందని కూడా నేను నమ్మను. మా హికరీ వైపు ఫర్నిచర్ ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతుంటే, 2005లో చైనా మంచాలు, బీరువాల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారని వేసేది) వేశారు. వ్యాపారం తిరిగి హికరీకి రాలేదు, వియత్నాంకి పోయింది.

డల్లాస్ బావ:
ఎన్ని చెప్పినా, చైనాని ఎదురుగా నిలబడి అడిగిన మగాడు ట్రంప్ ఒక్కడే. ముందువాళ్లంతా మాటల వీరులు. రీగన్ కూడా 1980లో తైవాన్‌తో అధికార సంబంధాలు మళ్లీ మొదలుపెడతానని ఊదరగొట్టి, 1982లో తైవాన్‌కి ఆయుధాలు క్రమంగా తగ్గిస్తామని చైనాకే రాసిచ్చాడు. ట్రంప్ వేసిన సుంకాల్ని తిట్టిన బైడెన్ గెలిచాక వాటిని తీశాడా? తీయకపోగా 2024లో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 100 శాతం చేశాడు. పైగా ఇదే బైడెన్ 2000లో సెనేట్‌లో చైనా శాశ్వత హోదాకి అనుకూలంగా ఓటేసినవాడు.

లెక్కల మాస్టారు:
బావగారూ, 2020 జనవరి ఒప్పందం సంగతి కూడా చెప్పండి మరి. 2017లో కొన్నదానికి అదనంగా రెండేళ్లలో 20,000 కోట్ల డాలర్ల సరుకు కొంటామని చైనా సంతకం పెట్టింది. కోవిడ్ వచ్చిన మాట నిజమే, కానీ ఆ అదనం దాదాపు ఏమీ కొనలేదు. అంతకుముందే ఈ సుంకాల గొడవలో దెబ్బతిన్న సోయా రైతులకు సర్కారే డబ్బు పంచాల్సి వచ్చింది. చైనా బ్రెజిల్ సోయాకి అలవాటు పడిపోయింది. అదీకాక చైనాని పక్కనపెట్టి ఆసియా, పసిఫిక్ దేశాలతో ఒబామా కుదిర్చిన టీపీపీ వాణిజ్య ఒప్పందం నుంచి 2017లో గద్దెనెక్కిన మూడో రోజుకే బయటికొచ్చింది కూడా ట్రంపే. నన్నడిగితే చైనాకి నిజంగా నొప్పి తెలిసింది 2022 అక్టోబర్‌లో బైడెన్ చిప్‌ల ఎగుమతి మీద పెట్టిన ఆంక్షలతో. దాని గురించి సభల్లో అరుపులు లేవు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

కృష్ణలంక కుర్రాడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మగాడు అన్నారు కదా బావా, 2025 ఏప్రిల్‌లో ట్రంప్ చైనా మీద 145 శాతం సుంకం అన్నాడు, చైనా 125 అంది, రేర్ ఎర్త్‌ల (అరుదైన ఖనిజాల) ఎగుమతికి లైసెన్స్ పెట్టింది, మే నెల సగం కాకముందే జెనీవాలో 145 కాస్తా 30 అయింది. అదే ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామని మన మీద ఇంకో 25 వేసి మొత్తం 50 శాతం చేస్తే భీమవరం రొయ్యల రైతు ధర పడిపోయి లబోదిబోమన్నాడు. రష్యా చమురు మనకంటే ఎక్కువ కొనే చైనాకి ఆ శిక్ష పడలేదు. గట్టిగా తిరిగి కొట్టగలిగినవాడి దగ్గర ఒక ధర, రొయ్యలు అమ్ముకునేవాడి దగ్గర ఇంకో ధర. దీన్ని ధైర్యం అనాలంటే నాకు నోరు రావట్లేదు.

డల్లాస్ బావ:
అది బేరం తమ్ముడూ. అక్టోబర్ 30న బుసాన్‌లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌తో కూర్చుని రేర్ ఎర్త్‌ల మీద పెట్టిన కొత్త ఆంక్షల్ని ఏడాది ఆపించాడు, సోయా కొంటామని కూడా ఒప్పించాడు.

పాత పేపరు:
ఏడాదే కదా బావగారూ! 1980 నుంచి 2000 దాకా చైనా హోదాని పొడిగించాలా వద్దా అని ఏటా వాషింగ్టన్ తేల్చేది, బీజింగ్ ఊపిరి బిగబట్టి చూసేది. ఇప్పుడు అమెరికా కార్లకీ క్షిపణులకీ కావాల్సిన ఖనిజాలు ఇవ్వాలా వద్దా అని బీజింగ్ తేలుస్తుంది. 1994లో వదిలేసింది ఏమిటని నాని గారు అడిగితే నా జవాబు ఇదే.

నార్త్ కరోలినా నాని:
రేర్ ఎర్త్‌ల్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీలు కాలుష్యమనీ, గిట్టుబాటు కాదనీ ఇక్కడి కంపెనీలే వదులుకున్నాయి సార్, హోదా ఆపేసినా అవి చైనాకే పోయేవి. అన్నట్టు, 2000 మేలో ప్రతినిధుల సభలో ఆ బిల్లు 237-197తో నెగ్గినప్పుడు అనుకూల ఓట్లలో 164 రిపబ్లికన్లవి. క్లింటన్ సొంత పార్టీలో వద్దన్నవాళ్లే ఎక్కువ. తప్పు అంటే పంచుకోడానికి చాలామంది ఉన్నారు, ఒక్కడి నెత్తిన రుద్దకండి.